నీళ్లలోకి దిగొద్దన్నారు

ఆ రోజు పొద్దున ఆవిడ చేసిన ఆఖరి పని ఈతబట్ట పిండి తీగ మీద ఆరేయడం. నల్లబట్ట. క్లోరిన్ నీళ్లకు వెలిసి భుజాల దగ్గర బూడిదరంగుకు తిరిగింది. పాత పగ ఏదో తీర్చుకుంటున్నట్టు రెండు చేతులతో మెలిపెట్టి పిండి, ఫట్టుమని దులిపి, క్లిప్పులు పెట్టింది. కాలికి బకెట్ అడ్డం వచ్చింది. తన్నింది.

"ఈ బకెట్ ఇక్కడ పెట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలే నీ దగ్గర? చెవుల్లో దూది కుక్కుకున్నావా?"

"నీ బట్ట కారుతుందనే పెట్టానక్కా. కింది వాటా వాళ్లు రోజూ గోల," అని చెల్లెలు వంటగదిలోంచి అరిచింది.

"చెయ్యనీ గోల. నీళ్లేగా పడుతోంది, నిప్పులు కాదుగా."

అవే ఆఖరి మాటలు. చెల్లెలు దీటైన జవాబొకటి నోట్లో సిద్ధం చేసుకుని, టీ కప్పుతో బయటికి వచ్చేసరికి అక్క కుర్చీలో కూర్చుని ఉంది. తల ఒక పక్కకు వాలిపోయింది. గుండె ఆగిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. చెల్లెలికి ఏడుపుకంటే ముందు ఒళ్లు మండింది. పోట్లాట మధ్యలో లేచి వెళ్లిపోవడం అక్కకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ ఇలాగా?

ఆ తర్వాత పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "ఎంత మంచి మనిషి!" చెల్లెలు తలుపు దగ్గర నిలబడి వాళ్ల మొహాలు చూసింది. బతికున్నప్పుడు "గయ్యాళి" అన్న నోళ్లే అవి. ఎవరి గురించి చెబుతున్నారని అడుగుదామనుకుంది. తన అక్క మంచి మనిషి కాదు. మంచితనం అనే మాట వింటేనే ఆవిడకు చిరాకు. ఎదుటివాళ్లు తనతో ఏదో పని పెట్టుకునే ముందు వాడే మాట అది అనేది.

ఊళ్లో అందరూ ఆవిణ్ణి నీళ్ల టీచరు అనేవారు. ఊరి ఈతకొలనులో ఆడవాళ్లకూ పిల్లలకూ ఈత నేర్పేది. కొన్నాళ్లు కాపురం చేసి, "వాడికి నేను ఎక్కువ, నాకు వాడు తక్కువ" అని పెట్టె సర్దుకుని వచ్చేసింది. చెల్లెలి భర్త పోయాక ఇద్దరూ ఒకే వాటాలో చేరారు. చెల్లెలికి అదే కొలనులో కౌంటరు దగ్గర ఉద్యోగం. మధ్యాహ్నం నుంచి రాత్రి మూసేదాకా టికెట్లు చింపడం, సామాను పెట్టెల తాళంచెవులు ఇవ్వడం, పోగొట్టినవాళ్లతో తగువులు పడటం. ఇంట్లో ఎడ్డెమంటే తెడ్డెం. కొలను దగ్గర కూడా అంతే. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే తలుపులోంచి వెళ్లి వచ్చేవారు.

నీళ్ల టీచరు పిల్లల్ని మెచ్చుకోవడం ఎవరూ ఎరగరు. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే లెక్క. "నీళ్లు నిన్ను మింగట్లేదు, నువ్వే నీళ్లు తాగేస్తున్నావు, రేపటికి కొలను ఖాళీ" అని కేకలు వేసేది. కానీ ఆవిడ అరచెయ్యి ఒకటి ఎప్పుడూ పిల్ల వీపు కింద ఉండేది. నోరు పైన తిడుతుంటే చెయ్యి కింద మోస్తుండేది. ఆ చెయ్యి ఎప్పుడు తీసేసిందో పిల్లకు తెలిసేది కాదు. తేలుతున్నానని తెలిసేసరికి టీచరు ఇంకో పిల్లను తిడుతూ ఉండేది.

ఆ పనికి నీళ్లలో ఉండాలి. తెల్లారింది మొదలు ఒక జట్టు తర్వాత ఇంకో జట్టు. మధ్యలో దొరికే కాస్త తీరికలో తడిబట్టతోనే గట్టు మీది సిమెంటు బల్లపై కూర్చుని, భుజాల మీద తువ్వాలు కప్పుకుని టీ తాగేది. ఆ బట్ట నైలాను. ఒంటికి అంటుకుపోయే రకం. పొద్దున తడిసింది సాయంత్రం దాకా ఆరేది కాదు. ఏళ్ల తరబడి అదే తంతు. మార్చుకోవచ్చుగా అని ఎవరైనా అంటే, "చేపలు బట్టలు మార్చుకుంటాయా?" అని దబాయించేది.

ఆవిడ పోవడానికి కొన్నేళ్ల ముందు, ఒక ఎండాకాలం మొదట్లో దురద పట్టుకుంది.

మొదట చెమటకాయలనుకుంది. తర్వాత మంట. మూత్రానికి వెళితే కారం చల్లినట్టు. ఎర్రగా కంది, వాచి, విరిగిన పాలలాంటి తెలుపు. నడిచినా మంటే, కూర్చున్నా మంటే. ఆవిడకు భయం వేయలేదు. కోపం వచ్చింది. తన ఒళ్లు తన మాట వినకపోవడం ఆవిడ దృష్టిలో క్రమశిక్షణ లేకపోవడమే.

కోపం వచ్చిన నీళ్ల టీచరు ఏం చేస్తుంది? కొలనుకు చేసిందే చేసింది. నీళ్లు పచ్చబడితే క్లోరిన్ పెంచాలి. అడుగున జారుడు పడితే గట్టిగా రుద్దాలి. మందు ఎక్కువ వేసి, బాగా కలిపి వదిలేస్తే మర్నాటికి నీళ్లు అద్దంలా ఉంటాయి. కొలను నీళ్లు చూసుకోవడానికి మోటారు మేస్త్రి వచ్చి చేరకముందు ఆ పని కూడా ఆవిడే చేసేది. నీళ్లకు ఏ జబ్బు వచ్చినా ఆవిడ దగ్గర ఒకటే వైద్యం. ఇప్పుడు అదే తన ఒంటికి మొదలుపెట్టింది. క్రిములు చంపే మందునీళ్ల సీసా తెచ్చింది. సీసా మీద కలపమన్న దానికి రెట్టింపు కలిపింది. ప్రతి జట్టు తర్వాతా ఆడవాళ్ల గదిలోకి వెళ్లి, ఘాటు సబ్బుతో తోమి, ఆ మందునీళ్లతో కడిగి, మళ్లీ అదే తడి నైలానుతో నీళ్లలోకి దిగేది.

ఇల్లంతా ఆసుపత్రి వాసన కొట్టింది.

"ఏంటక్కా ఈ కంపు? ఎవరికైనా ఆపరేషన్ చేస్తున్నావా?"

"నీ పని నువ్వు చూసుకో."

"నువ్వు నడిచే నడక చూస్తే గుర్రం మీంచి ఇప్పుడే దిగినట్టుంది. డాక్టరు దగ్గరికి పోదాం పద."

"డాక్టరు కడిగేదేంటి, నేను కడగలేందేంటి? క్రిమి ఏదైనా మందు పడితే చావాల్సిందే."

"అది చస్తుందో నువ్వే చస్తావో!"

"చస్తే నీకు గది ఖాళీ. మంచం కిటికీ దగ్గరికి జరుపుకో."

క్రిమి చావలేదు. మంట రెట్టింపయింది. రెట్టింపయిన మంటకు ఆవిడ మందు ఇంకో మూత పెంచింది. కొలనులో నీళ్లు తేటపడకపోతే మందు చాలలేదనే అర్థం. ఆ లెక్క కొలను విషయంలో ఏనాడూ తప్పలేదు మరి.

నలుగురికీ తెలియడానికి కారణం ఆవిడ నోరే. కొలను గట్టున ఎప్పుడూ ఒకావిడ కూర్చునేది. ఇంటి నుంచి తెచ్చుకున్న మడతకుర్చీ, నీడలో కూడా విప్పి పట్టుకునే గొడుగు. ఆవిడ కూతుళ్లిద్దరూ ఈత నేర్చుకుంటున్నారు. పేరేదైనా అందరికీ గొడుగమ్మే. ఎవరి పిల్ల ఎన్నిసార్లు మునిగిందో, ఎవరి తువ్వాలు ఎవరు తీసుకెళ్లారో అన్నీ ఆ గొడుగు కింద జమయ్యేవి. ఒకరోజు పాఠం మధ్యలో టీచరు గట్టెక్కి, గదిలోకి వెళ్లి, కాళ్లు ఎడంగా వేసుకుంటూ తిరిగొచ్చింది.

"ఏంటి టీచర్, మాటిమాటికీ లోపలికి వెళ్లొస్తున్నారు? మా పిల్లల టైమంతా మీ రాకపోకలకే అయిపోతోంది."

"దురద."

"ఎక్కడ?"

"ఎక్కడ అని నలుగుర్లో అడక్కూడని చోట."

గొడుగమ్మ గొడుగు కాస్త కిందికి దిగింది. చుట్టుపక్కల తల్లులు చెవులు కొరుక్కున్నారు. ఇంకొకరయితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవారు. కడుపు బాగోలేదంటే సరిపోయేది. నీళ్ల టీచరుకు అబద్ధం ఆడటం రాదు. అది ఆవిడ గొప్పతనమేమీ కాదు. ఎదుటివాళ్ల మొహం చిన్నబోకుండా చూడాలన్న ఆలోచన ఆవిడకు ఎప్పుడూ తట్టలేదు, అంతే.

సాయంత్రానికి కౌంటరు దగ్గర ఫోను మోగడం మొదలైంది. నీళ్లు మార్చారా? టీచరుకు ఏదో రోగమట కదా? ఒకావిడ అయితే నేరుగా కౌంటరు కిటికీలోకి తల దూర్చి, గొంతు తగ్గించి, "అలాంటివి ఊరికే రావంటారు. మీ అక్క మొగుణ్ణి వదిలేసింది కదూ?" అంది. చెల్లెలు ఆవిడ చేతిలో తాళంచెవి పెట్టలేదు. కిటికీ రెక్క మూసింది. రెక్క ఆవిడ ముక్కుకు తగిలిందో లేదో చూడలేదు. తగిలి ఉంటే బాగుండునని మాత్రం అనుకుంది.

మేనేజరు అందర్నీ గట్టు మీదే సమావేశపరిచాడు. నెమ్మదస్తుడు, మొహమాటస్తుడు. చేతిరుమాలు చేతిలోనే ఉంటుంది. నుదురు తుడుచుకుని మొదలుపెట్టాడు.

"టీచరుగారూ, తల్లులు ఒక... ఒక విషయంలో కాస్త ఆందోళన పడుతున్నారు."

"ఏ విషయం సార్?"

"అదే, ఆ ఇబ్బంది విషయం."

"ఏ ఇబ్బంది? పేరు పెట్టి చెప్పండి. మీకు నోరు రాకపోతే నేను చెప్తా."

"వద్దు వద్దు," అన్నాడు మేనేజరు.

గొడుగమ్మ అందుకుంది. "మావి ఆడపిల్లలండీ. రేప్పొద్దున వాళ్లకి అంటుకుంటే ఎవరిది బాధ్యత? నేనేం ఆవిడ మీద కక్షతో చెప్పట్లేదు. రోగం తగ్గేదాకా నీళ్లలో దిగొద్దంటున్నా, అంతే."

"మీ చిన్నది రోజూ నీళ్లలోనే ఉచ్చ పోస్తుంది. ముందు దాని సంగతి తేల్చుదామా?"

"సార్, చూశారా ఆ నోరు!"

"నోటితో నేర్పట్లేదు, చేతుల్తో నేర్పుతున్నా. ఆ చేతులకేం రోగం లేదు."

"చేతులొక్కటే దిగుతున్నాయా నీళ్లలోకి?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చెల్లెలు కౌంటరు కిటికీ దగ్గర్నుంచి చూస్తూనే ఉంది. అక్క మొహం ఎర్రబడటం ఆమె చూసింది. అక్క సిగ్గుపడటం అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. సిగ్గు ఆ మొహం మీద ఎంతోసేపు నిలవలేదు. వెంటనే పళ్లు నూరడంలో కలిసిపోయింది. మేనేజరు మాత్రం ఆ ఒక్క క్షణం చూసుకుని తీర్పు చెప్పేశాడు. డాక్టరు దగ్గర్నుంచి కాయితం తెచ్చేదాకా టీచరు నీళ్లలోకి దిగకూడదు. గట్టు మీద నిలబడి నేర్పుకోవచ్చు.

నీళ్లలోకి దిగని నీళ్ల టీచరు! చెల్లెలికి ఆ క్షణంలో అర్థమైంది. అక్కకు ఆ కొలను ఉద్యోగం కాదు. మనిషి కాళ్లకు నేల ఎలాగో ఆవిడకు నీళ్లు అలాగ. గట్టు మీద ఆవిడ నడక కూడా బాగుండదు. పాదాలు వెడల్పు, బాతులా ఊగుతుంది. నీళ్లలోకి జారితే చాలు, ఆ మనిషే వేరు. ఇక ఎప్పటికీ గట్టు మీదే ఉండిపొమ్మంటే ఆవిడ బతకగలదా అన్నదే ప్రశ్న. అది ఉద్యోగం కంటే పెద్ద ప్రశ్న.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. వెళ్లారు అనడం కంటే, చెల్లెలు లాక్కెళ్లిందనాలి. దారంతా పోట్లాటే. ఆటో అతను అద్దంలో చూసి, "అమ్మా, ఆసుపత్రికేనా, పోలీస్ స్టేషన్‌కా?" అని అడిగాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, కాస్త నమూనా తీసి చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఈస్ట్ ఇన్‌ఫెక్షన్. ఒక రకం ఫంగస్. ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. దేంతో కడుగుతున్నారు?"

నీళ్ల టీచరు చెప్పింది. సీసా పేరు, ఎన్ని మూతలు, రోజుకెన్నిసార్లు, అంతా. చెప్పేటప్పుడు గొంతులో గర్వం కూడా ఉంది.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అది కొలను కాదమ్మా. తోట. అక్కడ మంచి క్రిములుంటాయి. ఈ ఫంగస్‌ను అవే అదుపులో పెడతాయి. మీరు కలుపు వచ్చిందని తోటంతా తగలబెట్టారు. పైగా రోజంతా తడి నైలానుతో కూర్చుంటున్నారు. ఫంగస్‌కు అంతకంటే ఏం కావాలి? వెచ్చగా, తడిగా, అడిగేవాళ్లు లేకుండా."

అక్క ఒళ్లోని సంచి పట్టీని ఈతబట్ట పిండినట్టు మెలిపెట్టడం చెల్లెలు చూసింది. ఆ దృశ్యాన్ని కాసేపు తనివితీరా అనుభవించింది.

"మరి తోటకి మందేంటి?" అంది నీళ్ల టీచరు చివరికి.

"లోపల పెట్టుకునే మాత్రలిస్తా, పడుకునే ముందు పెట్టుకోండి. పైన పూయడానికి క్రీము. దురద తగ్గింది కదాని మధ్యలో ఆపొద్దు. సబ్బు వద్దు, మందునీళ్లు వద్దు, సెంటు వాసనొచ్చేది ఏదీ వద్దు. మామూలు నీళ్లు చాలు. రుద్దకుండా అద్ది తుడుచుకోండి. వదులుగా నూలుబట్ట. మరీ ఓర్చుకోలేకపోతే చల్లటి నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డ కాసేపు పెట్టుకోండి, హాయిగా ఉంటుంది. గోకారో, మళ్లీ మొదటికొస్తుంది. షుగరు కూడా చూద్దాం. తగ్గకపోయినా, తగ్గి మళ్లీ మళ్లీ వచ్చినా నా దగ్గరికే రావాలి. సొంత వైద్యం వద్దు."

"నీళ్లలో దిగొచ్చా?"

"దిగొచ్చు. నీళ్లతో తగువు లేదు, తడిబట్టతోనే. బయటికొచ్చిన మరుక్షణం మార్చుకోవాలి."

"ఇది నీళ్లలోంచి పిల్లలకి పాకుతుందా డాక్టరుగారూ?" అని చెల్లెలు అడిగింది.

"పాకదు. అదే ముక్క కాయితం మీద రాసిస్తాను, మీ మేనేజరుకిచ్చెయ్యండి."

"అక్కర్లేదు," అంది నీళ్ల టీచరు.

"అక్కా!"

"అక్కర్లేదన్నానా? నా ఒంటి సంగతి రాసిచ్చుకుని ఉద్యోగం అడుక్కోవాలా? వాళ్లలో ఒక్కత్తినైనా, నీకు ఏ రోగమూ లేదని కాయితం తెచ్చాకే గట్టు మీద కూర్చోమన్నారా? నన్నెందుకు అడగాలి?"

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీ ఇష్టం" అంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెల్లెలు ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఆటో అతను నిజంగానే పోలీస్ స్టేషన్‌కు తిప్పాల్సి వచ్చేది.

అలా గట్టు మీద రోజులు మొదలయ్యాయి. వదులు నూలు చొక్కా, వదులు లాగూ, చేతిలో పొడవాటి కర్ర. నీళ్లలో పిల్లలు, పైన టీచరు. ఒంటి మీద చుక్క తడి లేదు. గొడుగమ్మ తన కుర్చీని కాస్త ముందుకు జరుపుకుంది, బాగా కనపడటానికి. టీచరు ఆ కుర్చీకి సరిగ్గా ఎదురుగా నిలబడి పాఠం చెప్పేది. ఇద్దరి మధ్యా కొలను. ఇద్దరి చూపులకూ నీళ్లు మరిగిపోవాలి.

ఇంట్లో మందునీళ్ల సీసా మూలకు పోయింది. గిన్నెలో చల్లటి నీళ్లు, మెత్తబడ్డ పాత నూలు చీర ముక్క, క్రీము గొట్టం మంచం పక్కకు వచ్చాయి. మొదటి రెండు మూడు రోజులు ఆవిడ ఆ తడిగుడ్డతో గదిలోనే తలుపేసుకుని కూర్చునేది. లోపల్నుంచి "అబ్బా" అన్న నిట్టూర్పు వినపడేది. అంత మెత్తటి శబ్దం అక్క గొంతులోంచి వస్తుందని చెల్లెలు ఎన్నడూ అనుకోలేదు. తలుపు దగ్గర నిలబడి, "ఇంకొంచెం చల్లనీళ్లు తేనా?" అని అడిగింది ఒకసారి.

"నువ్వక్కడ కాపలా కాస్తున్నావా?"

"లేదు. మంచం కిటికీ దగ్గరికి జరుపుదామని కొలుస్తున్నా."

లోపల్నుంచి చిన్న నవ్వు. తర్వాత గిన్నె గుమ్మం బయటికి వచ్చింది. చెల్లెలు నింపి తెచ్చింది. అంతకు మించి వాళ్లిద్దరి మధ్య సంధి ఏనాడూ జరగలేదు.

వాపు తగ్గింది, మంట తగ్గింది. నడక మళ్లీ బాతు నడకయింది. షుగరు లేదని తేలింది. మాత్రలన్నీ అయ్యేదాకా వాడింది. అదొక్కటే ఆవిడ జీవితంలో ఇంకొకరు చెప్పింది చెప్పినట్టు చేసిన పని.

అసలు రగడ అప్పుడే మొదలైంది. ఆవిడ తేలిగ్గా నడవడం గొడుగమ్మ కంట పడింది.

"చూశారా? నేను చెప్పలేదూ? నీళ్లలో దిగడం మానేసేసరికి తగ్గిపోయింది. ఆ నీళ్లే ఆవిడకి పడలేదు. ఏదో నా నోటి చలవ వల్ల ఆవిడకే మేలు జరిగింది," అని గొడుగు తిప్పుతూ నలుగురికీ చెప్పింది.

చెల్లెలు అది విని భగ్గుమంది. కానీ మనసులో ఒక మూల, ఆ మాట నిజమేనేమో అనిపించింది. మందులు ఎంత వాడినా, అన్నేళ్ల తర్వాత నీళ్లకు దూరంగా ఉండటం వల్లే కదా ఒళ్లు ఆరింది. డాక్టరమ్మ ఏదో ధైర్యానికి దిగొచ్చని చెప్పింది గానీ, దిగి ఉంటే తగ్గేదా? వయసు మీద పడుతోంది. ఇక అక్క గట్టు మీదే ఉండిపోవడం మంచిదేమో. ఆ మాట పైకి అనలేదు. అంటే ఇల్లు నిలిచేది కాదు.

చివరికి గొడుగమ్మ చిన్న కూతురే ఆ ముడి విప్పింది. ఆ పిల్ల గోడ వదలదు. టీచరు గట్టు మీంచి కర్ర చాపి, "పట్టుకో, వదులు, తన్ను" అని గొంతు చించుకుంటుంది. పిల్ల గోడకు బల్లిలా కరుచుకుని, "మీరు దిగితేనే వదులుతా" అని ఏడుస్తుంది. రోజూ అదే వరస. మిగతా పిల్లలు కూడా మొదలుపెట్టారు. వీపు కింద చెయ్యి లేనిదే ఎవరూ తేలమన్నారు. మేనేజరు ఎక్కడి నుంచో ఒక కుర్రాణ్ణి తెచ్చి దింపబోతే ఆడవాళ్ల సమయంలో మగవాడేంటని అదే తల్లులు ఒంటికాలి మీద లేచారు. ఆఖరికి గొడుగమ్మే మేనేజరు గదికి వెళ్లింది. చెల్లెలు కౌంటరులోంచి అంతా వింది.

"ఇప్పుడు తగ్గిందిగా సార్, దిగమనండి ఆవిణ్ణి. మా చిన్నది ఇలాగే ఉంటే పెళ్లయ్యేదాకా ఆ గోడే పట్టుకునుంటుంది."

"కాయితం ఇంకా ఇవ్వలేదండీ ఆవిడ."

"కాయితం ఏం చేసుకుంటాం, ఊరగాయ పెట్టుకుంటామా? దిగమనండి!"

కాయితం లేకుండానే నీళ్ల టీచరు నీళ్లలోకి దిగింది. దిగేముందు గట్టు మీద నిలబడి గొడుగమ్మ వైపు ఒక్క చూపు చూసింది. "మీ చలవే," అంది. వెటకారమో కాదో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి కొలనులో ఒక కొత్త చట్టం వచ్చింది. పాఠం అయిపోగానే పిల్లలంతా తడిబట్టలు మార్చుకోవాలి. తడి ఈతబట్ట మీదే గౌను తొడుక్కుని స్కూటరెక్కడానికి వీల్లేదు. టీచరు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క పిల్లనూ తట్టి చూసి వదిలేది. ముందు తాను మార్చుకుని, పొడిబట్టల్లో, చేతిలో ఆ కర్రతో. తల్లులు మళ్లీ మండిపడ్డారు. ఆలస్యమవుతోంది, బడికి టైమవుతోంది, ఇదేం ఖర్మ అని. "మీ ఇంట్లో అన్నం తడిగుడ్డలో మూటగట్టి రోజంతా ఉంచి రండి. తర్వాత దాన్ని మీరు ముట్టుకోగలిగితే నేనూ ఒప్పుకుంటా," అని ఆవిడ జవాబు. గొడుగమ్మ మాత్రం తన మాట విడవలేదు. ఎవరు కొత్తగా చేరినా, "ఆ టీచరుకి ఒకప్పుడు నీళ్లు పడలేదు. కొన్నాళ్లు నేనే దిగకుండా ఆపించా. దాంతోనే బాగైంది" అని పురాణం విప్పేది. చెల్లెలికి అంతుపట్టనిది ఒకటే. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అక్క జవాబివ్వకపోవడం. ప్రతిదానికీ ఒంటికాలి మీద లేచే మనిషి ఆ ఒక్కదానికి మూతి ఒక పక్కకు తిప్పి ఊరుకునేది. ఓడిపోయానని ఒప్పుకుందేమోనని చెల్లెలు జాలిపడింది కూడా. జాలిపడుతున్నట్టు తెలిస్తే అక్క ఊరుకోదని మొహం తిప్పుకుంది.

రెండు వేసవులు గడిచాయి. దురద మళ్లీ రాలేదు. మూడో వేసవి రాకముందే ఆవిడ ఆ కుర్చీలో తల వాల్చింది.

కొలనులో ఆవిడ సామాను తీసుకెళ్లమని మేనేజరు కబురు పెట్టాడు. చెల్లెలు వెళ్లి ఆడవాళ్ల గదిలో పెట్టె ఖాళీ చేసింది. దువ్వెన, పొడి తువ్వాళ్లు, మడతపెట్టిన నూలు బట్టలు, ఒక విరిగిన ఈల. అన్నీ సంచిలో వేసుకుని మోటారు గది ముందు నుంచి వస్తుంటే మోటారు మేస్త్రి బయటికి వచ్చాడు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయన కూడా "మంచి మనిషి" అంటాడేమోనని చెల్లెలు నడక పెంచింది.

"మీ అక్క నన్ను తిట్టని రోజు లేదమ్మా," అన్నాడు ఆయన.

చెల్లెలు ఆగింది. ఇన్నాళ్లలో అక్క గురించి నిజం చెప్పింది ఈయనొక్కరే. సంచి కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది.

ఇద్దరూ కాసేపు ఆవిడ తిట్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నారు. అప్పుడే ఆ గట్టు మీది రోజుల మాట వచ్చింది. "ఏది ఏమైనా, అన్నాళ్లు నీళ్లకి దూరంగా ఉండబట్టే ఒళ్లు బాగుపడింది. ఆ గొడుగమ్మ మాటే నెగ్గింది. నాకు అదే కడుపుమంట," అంది చెల్లెలు.

మోటారు మేస్త్రి ఆమె వంక వింతగా చూశాడు.

"దూరంగా ఎక్కడున్నారమ్మా? రోజూ దిగారుగా."

"ఎప్పుడు?"

"తెల్లారకముందే వచ్చేవారు. మీరు లేచే వేళకి ఇక్కడ ఈత అయిపోయేది. వెనక గేటు నేనే తీసేవాణ్ణి. ఈ చివర్నుంచి ఆ చివరికి, చప్పుడు కాకుండా. పైకి రావడం, తడిబట్ట విప్పేయడం, పొడిబట్ట కట్టుకోవడం. మొదటి జట్టు వచ్చేసరికి కర్ర పట్టుకుని గట్టు మీద ఏమీ ఎరగనట్టు నిలబడేవారు."

"మరి ఎవరికీ చెప్పలేదేం? ఆ గొడుగమ్మ మొహం మీద ఒక్క మాట కొడితే సరిపోయేదిగా!"

"చెప్తే గేటు ఎవరు తీశారని అడుగుతారు కదమ్మా. నా ఉద్యోగం పోయేది." ఆయన గుడ్డ భుజం మీద వేసుకున్నాడు. "దిగొద్దన్న రోజుల్లో ఒక్క రోజు కూడా మానలేదు ఆవిడ."